జిమ్‌లో ఇచ్చిన కార్డరిన్ సీసా: తమ్ముడికి ఏ టెస్టులు చేయించాలి?

ఫార్మా, మెడిసిన్ తెలిసినవాళ్లెవరైనా కాస్త చెప్పండి. మాది దిల్‌సుఖ్‌నగర్. మా తమ్ముడు జిమ్ కోచ్ మాట విని డ్రాపర్ సీసాలో వచ్చే ఒక మందు రోజూ వేసుకుంటున్నాడు. లేబుల్ మీద జీడబ్ల్యూ-501516 (కార్డరిన్ అంటే ఇదే) అని, కింద సన్న అక్షరాల్లో 'పరిశోధనకు మాత్రమే' అని ఉంది. తయారీదారు పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు.

"స్టెరాయిడ్ కాదక్కా, కొవ్వు కరిగిస్తుందంతే" అంటాడు. స్టెరాయిడ్ కాదన్నది నిజమే. ఇది కణాల్లోని పీపీఏఆర్-డెల్టా రిసెప్టర్‌కి అతుక్కుని, కండరాలు చక్కెర కంటే కొవ్వునే ఎక్కువ వాడుకునేలా చేస్తుందట. కానీ ఎలుకల మీద పరీక్షల్లో చాలా అవయవాల్లో క్యాన్సర్లు కనబడటంతో దీన్ని మందుగా తయారుచేస్తున్న ఫార్మా కంపెనీ మధ్యలోనే వదిలేసింది. 2013లో ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ (వాడా) కూడా క్రీడాకారులను హెచ్చరించింది. ఇంత తెలిశాక నాకు నిద్ర పడితే ఒట్టు. వాడు మాత్రం "నేనేమైనా ఎలుకనా" అని నవ్వుతాడు.

లివర్, కిడ్నీ, లిపిడ్ ప్రొఫైల్ రాయించుకుందామనుకుంటున్నా. ఇంకేమైనా కావాలా? ఎండోక్రినాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలా, జనరల్ ఫిజీషియన్ చాలా? ఒక్కసారిగా ఆపేస్తే ఇబ్బందేమైనా ఉంటుందా? ఇంకోటి, ఇలాంటి సీసాల్లో లేబుల్ మీద ఒకటి, లోపల ఒకటి ఉండటం మామూలేనట. ఇన్ని ఫార్మా కంపెనీలున్న ఊళ్లో, మనలాంటివాళ్లు శాంపిల్ ఇస్తే పరీక్షించే ల్యాబ్ ఏదైనా ఉందా?

భయపెట్టకుండా, తెలిసింది మాత్రమే చెప్పండి ప్లీజ్. అమ్మానాన్నలకి ఇంకా చెప్పలేదు.