సమష్టి రాజ్యంలో ప్రతిభను అణగదొక్కడం: నవల్లో నమ్మేలా ఎలా చూపించాలి?

రావిచెట్టు (ప్రశ్న):

ఒక డిస్టోపియన్ నవల (బతకడమే నరకమైన ఊహా సమాజం కథ) రాస్తున్నాను. "ఎవరూ ఎవరికన్నా ఎక్కువ కాదు" అనేది ఆ రాజ్యంలో మొదటి చట్టం. కథానాయికకు పదిహేడేళ్లు, లెక్కల్లో అసాధారణమైన బుర్ర. పోలీసులు రావడం, నోటుపుస్తకాలు తగలబెట్టడం, తెలివైనవాళ్లను ఎత్తుకుపోవడం లాంటి సన్నివేశాలు రాయడం తేలికే. కానీ తెలివైనవాళ్లందరినీ ఎత్తుకుపోతే కరెంటు ఎవరు ఇస్తున్నారు, వంతెనల లెక్కలు ఎవరు వేస్తున్నారు? ప్రతిభను ఏ దశలో, ఎవరు, ఎలా ఆపుతారు? చుట్టుపక్కలవాళ్లు అందుకు ఎందుకు సహకరిస్తారు? చరిత్రలో నిజంగా జరిగిన పద్ధతులు తెలిసినవాళ్లు చెప్పగలరా?

పాతలెక్క:

ముందు పోలీసుల్ని మొదటి సగంలోంచి తీసేయండి. ప్రతిభను అందరికన్నా ముందు ఆపేది పక్క బల్ల దగ్గర పనిచేసే మనిషి. అసూయ వల్ల ఆపుతున్నాడని రాస్తే కథ పలచబడిపోతుంది. అతన్ని కదిలించేది కోటా.

బ్రిగేడ్‌లో, అంటే కలిసి పనిచేసే జట్టులో, పన్నెండు మంది, తలకు రోజుకు 20 పెట్టెలు అనుకోండి. మీ అమ్మాయి ఆడుతూ పాడుతూ 30 చేస్తుంది. మూడు నెలలకోసారి వచ్చే తనిఖీదారు "30 సాధ్యమే" అని రాసుకుని అందరి కోటా 25 చేస్తాడు. 22 చేసే పెద్దాయన నిన్నటిదాకా కోటా దాటినవాడు, ఈరోజు నుంచి లోటుపడ్డవాడు. ఆయన రేషన్ తగ్గుతుంది. బ్రిగేడ్ మొత్తానికి కలిపి రేషన్ ఇచ్చే పద్ధతైతే పన్నెండు ఇళ్లలోనూ తగ్గుతుంది. మర్నాడు ఆ అమ్మాయి పనిముట్టు కనబడదు. దాచినవాళ్లలో చెడ్డవాడు ఒక్కడూ ఉండనక్కర్లేదు.

దీనికి చరిత్రలో ఆధారం ఉంది. 1935 ఆగస్టు 31న సోవియట్ బొగ్గు ప్రాంతమైన డాన్‌బాస్‌లోని ఒక గనిలో అలెక్సీ స్తఖానోవ్ ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తవ్వాడని, అది కోటాకు 14 రెట్లని సోవియట్ పత్రికలు మోగించాయి. వెనకాల దుంగలు నిలబెడుతూ వచ్చిన సహాయకుల శ్రమ కూడా ఆయన ఖాతాలోనే పడింది. 1936లో చాలా పరిశ్రమల్లో కోటాలు పెంచారు. రికార్డు పెట్టినవాళ్లంటే తోటి కార్మికులకు మంట పుట్టిందంటే ఆశ్చర్యం ఏముంది? గమనించండి, ఇక్కడ రాజ్యం ప్రతిభను నిషేధించలేదు, పొగిడింది. ఆ పొగడ్తే మిగతావాళ్ల కడుపు కొట్టింది.

ఇది సమష్టి రాజ్యాలకే పరిమితం కూడా కాదు. 1931–32లో అమెరికాలోని హాథార్న్ ఫ్యాక్టరీలో 14 మంది పనిచేసే గదిని పరిశోధకులు నెలల తరబడి గమనించారు. ఎక్కువ చేస్తే యాజమాన్యం రేటు తగ్గిస్తుందన్న భయంతో రోజుకు ఇంత పని చాలని వాళ్లలో వాళ్లే గీత గీసుకున్నారు. గీత దాటినవాడికి జబ్బ మీద గట్టిగా ఒక గుద్దు పడేది. ఎక్కువ పని అయిన రోజు కొంత దాచిపెట్టి, తక్కువ అయిన రోజు లెక్కలో చూపించేవాళ్లు. ఈ దాపరికాన్ని నవల్లో వాడుకోండి. మీ అమ్మాయి మొదట నేర్చుకునేది తన వేగాన్ని దాచడమే అవ్వాలి. అది నేర్పేది కూడా ఆమె మేలు కోరే మనిషే అయితే ఇంకా బాగుంటుంది.

ఫైలుగుమాస్తా:

పాతలెక్క గారు చెప్పింది పని చోటు గురించి. అంతకన్నా ముందు బడి ఉంది. అక్కడ ఆపేది ఫైలు.

మీ రాజ్యంలో పై చదువు దరఖాస్తును పాఠకుడికి చూపించండి. తండ్రి వృత్తి, తాత ఆస్తి, సరిహద్దు అవతల బంధువులు, సమావేశాల హాజరు, తరగతి ప్రతినిధి అభిప్రాయం, అన్నిటికన్నా కింద మార్కులు. ఆ వరుసలోనే వ్యవస్థ మొత్తం కనబడుతుంది. ఇక తిరస్కరణ పత్రంలో అసలు కారణం ఎప్పుడూ ఉండకూడదు. "ఈ ఏడాది సీట్లు నిండాయి" అంతే. కారణం రాస్తే అప్పీలు చేసుకునే వీలుంటుంది కదా.

చైనాలో 1966లో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష ఆపేశారు. తర్వాత సీట్లు సిఫారసుల మీద నడిచాయి. 1973లో మళ్లీ ఒక పరీక్ష పెడితే, లియావోనింగ్‌లో జాంగ్ తియెషెంగ్ అనే యువకుడు దాదాపు తెల్లకాగితం ఇచ్చి, పొలం పనుల వల్ల చదవలేకపోయానని ఆ కాగితం వెనక ఉత్తరం రాశాడు. పత్రికలు అతన్ని వీరుణ్ణి చేశాయి, సీటూ వచ్చింది. ఆ ఏడాది బాగా రాసినవాళ్ల వైపు నుంచి దీన్ని ఊహించండి! 1977 చివర్లో పరీక్ష తిరిగి మొదలైతే సుమారు 57 లక్షల మంది రాశారు, సీటు దొరికింది 2.7 లక్షల మందికి. పదేళ్ల పాటు పేరుకుపోయిన ఆకలి అది.

రెండోది, వృత్తి కార్డు. కార్డు లేనిది ఆ పని పనే కాదు. 1961 నాటి సోవియట్ ఉత్తర్వు ప్రకారం గుర్తింపు ఉన్న ఉద్యోగం లేనివాడు సమాజం మీద బతికే పరాన్నభుక్కు. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీని అదే నేరం కింద విచారించారు. నిన్ను కవుల్లో ఎవరు చేర్చారని జడ్జి అడిగింది. ఎవరూ చేర్చలేదని, నన్ను మనుషుల్లో మాత్రం ఎవరు చేర్చారని ఆయన బదులిచ్చాడు. రష్యా ఉత్తర ప్రాంతానికి అయిదేళ్ల ప్రవాసం వేశారు, 1965లో ముందే వదిలారు. ఆయన కవితలు బాగున్నాయా లేదా అన్నది ఆ కోర్టుకు అక్కర్లేని విషయం. మీ కథలోనూ అంతే: అమ్మాయి లెక్క తప్పని ఎవరూ అనరు. "నీకు గణితకార్డు లేదు" అంటారు.

అన్నిటికన్నా భయంకరమైనది మూడోది. 1976 జనవరిలో తూర్పు జర్మనీ రహస్య పోలీసు శాఖ స్టాసి 1/76 అనే మార్గదర్శకం జారీ చేసింది. ఉద్యోగంలో, సమాజంలో ఒక మనిషికి పథకం ప్రకారం వరుసగా వైఫల్యాలు కల్పించి ఆత్మవిశ్వాసం పోగొట్టడాన్ని అందులో ఒక పద్ధతిగా రాసుకున్నారు. దీన్ని సన్నివేశంగా మార్చాలంటే చిన్నవే ఎంచుకోండి: ఆమె పంపిన పత్రం దారిలో పోతుంది, ఇంటర్వ్యూ తేదీ మారిన కబురు ఆమె ఒక్కదానికే అందదు, నమ్మిన ఉపాధ్యాయుడు మొహం చాటేస్తాడు. ఆరు నెలలయ్యేసరికి తనకసలు ప్రతిభ లేదేమోనని ఆమే అనుకుంటుంది. పాఠకుడికీ పోలీసు కనబడకూడదు. ఎక్కడో చాలా ఆలస్యంగా ఆమె ఫైలు తెరుచుకున్నప్పుడు తెలియాలి.

తుప్పుగేటు:

పై ఇద్దరితో ఒక చోట విభేదిస్తాను. ప్రతిభనంతా కిందకి తొక్కే రాజ్యం నిలబడదు. మీ కరెంటు ప్రశ్నకు జవాబు ఇదే: రాజ్యం ప్రతిభను ఉంచుకుంటుంది, మనిషినీ పేరునూ లాక్కుంటుంది.

సోవియట్ విమాన రూపకర్త టుపొలెవ్‌ను 1937లో అరెస్టు చేశారు. ఖైదీలే ఇంజనీర్లుగా ఉన్న డిజైన్ కార్యాలయంలో ఆయన చేత టు-2 బాంబర్ గీయించారు. ఇలాంటి చోట్లను షరాష్కాలు అనేవాళ్లు. 1938లో పట్టుకున్న రాకెట్ ఇంజనీరు కొరొల్యోవ్‌ను మొదట సైబీరియా తూర్పు కొసన ఉన్న కొలిమా బంగారు గనికి పంపి, 1940లో టుపొలెవ్ దగ్గరికే తెచ్చారు. 1957లో తొలి ఉపగ్రహాన్ని పంపిన జట్టుకు నాయకుడు ఆయనే. అయినా పత్రికల్లో "ప్రధాన డిజైనర్" అనే ఉండేది. 1966 జనవరిలో చనిపోయాకే పేరు బయటపెట్టారు.

చైనాలో తు యూయూ 1971లో తక్కువ వేడి దగ్గర ఈథర్‌తో మలేరియా మందు సారం తీసే పద్ధతి పట్టుకుంది. 1977లో ఆ మందు గురించి వచ్చిన పత్రం మీద ఒక్క మనిషి పేరూ లేదు, పరిశోధక బృందం పేరే ఉంది. 2015లో నోబెల్ వచ్చేనాటికి ఆమెకు 84 ఏళ్లు.

పూర్తిగా తొక్కేసిన రంగం ఏమవుతుందో కూడా చూపించండి. విత్తనాలు సేకరించిన జన్యుశాస్త్రవేత్త వవిలోవ్ 1940లో అరెస్టయి, 1943 జనవరిలో సరాతోవ్ జైల్లో చనిపోయాడు. 1948 ఆగస్టు సమావేశంతో జన్యువుల్నే కాదనే లైసెంకో సిద్ధాంతం అధికారికమై జన్యుశాస్త్రం అణిగిపోయింది. భౌతికశాస్త్రం మీదా అలాంటి సమావేశం సిద్ధమైంది గానీ 1949లో రద్దయింది. అప్పటికి అణుబాంబు పని నడుస్తోంది. కాబట్టి మీ అమ్మాయి గణితం ఏ పనికి వస్తుందన్నదే ఆమె తలరాత. వంతెనకో ఆయుధానికో పనికొస్తే తాళం వేసిన గదిలో కుర్చీ ఇస్తారు. శుద్ధ గణితమైతే పొలానికి పంపుతారు. ఈ విభజన చేసే అధికారికి గణితం రాదు. అక్కడే మీకు మంచి పాత్ర దొరుకుతుంది.

రావిచెట్టు:

చాలా ఉపయోగపడింది, ముగ్గురికీ ధన్యవాదాలు. కుర్చీ వద్దనుకుని ఆమె తన పనిని బయటికి పంపాలనుకుంటే దారి ఏమిటి? టైపు మిషన్ ఒకటి కథలో ఉంది.

ఫైలుగుమాస్తా:

టైపు మిషన్ ఉంటే దాని రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. రొమేనియాలో 1983 ఉత్తర్వు ప్రకారం మిషన్ ఉన్నవాళ్లు పోలీసు అనుమతి తీసుకుని, అక్షరాల నమూనా ఇవ్వాలి. ప్రతి మిషన్ అక్షరాల్లో అరుగుదల వేరుగా ఉంటుంది కాబట్టి కాగితం దొరికితే మిషన్ దొరికినట్టే.

రహస్య ప్రతులకు ఉల్లిపొర లాంటి పలచని కాగితం, మధ్య మధ్య కార్బన్ పెట్టేవాళ్లు. ఒక్కసారికి నాలుగైదు ప్రతులొస్తాయి, అట్టడుగుది కష్టం మీద చదవాలి. గణితానికి ఇది ఇంకా చిక్కు: గుర్తులు మిషన్‌లో ఉండవు, ప్రతి కాపీలోనూ చేత్తో రాయాలి, అంటే చేతిరాత దొరికిపోతుంది. పైగా ఎత్తి రాసేవాడు ఒక్క ఘాతం తప్పు వేస్తే తర్వాతి ప్రతులన్నీ తప్పే. అందుకని నిరూపణ మొత్తం పంపకుండా కీలకమైన మూడు నాలుగు మెట్లు మాటల్లో రాయించండి. అవి చాలు, చదివే గణితజ్ఞుడు మిగతాది కట్టుకోగలడు. రష్యన్ కవయిత్రి అఖ్మతోవా కవితల్ని స్నేహితులు కంఠస్థం చేశాక కాగితం కాల్చేసినట్టు, ఆ మెట్లను ఒకరు నోటికి పట్టవచ్చు కూడా.

వాడేసిన కార్బన్ మర్చిపోకండి. కొత్త కార్బన్ మీద ఒక్కసారే కొట్టి ఉంటే, వెలుతురుకు ఎదురుగా పెడితే పేజీ మొత్తం దాని మీదే చదవొచ్చు. సోదాకు వచ్చినవాళ్లు ముందు చెత్తబుట్ట చూస్తారు.