బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ దుబాయ్‌లో ఫ్లాట్ కొనొచ్చా, కొనకూడదా?

వైట్‌ఫీల్డ్ వాసి

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం, నేనూ మా ఆవిడా ఇద్దరం సాఫ్ట్‌వేరే. పోయిన ఆదివారం ఇక్కడ ఒక హోటల్లో దుబాయ్ ప్రాపర్టీ షో పెడితే ఊరికే చూసొద్దామని వెళ్లాం. హాలు మధ్యలో గాజు పెట్టెలో టవర్ల నమూనా, దాని కిటికీల్లో చిన్న చిన్న లైట్లు, పక్కనే కాఫీ కప్పు చేతికిచ్చి శుభ్రంగా తెలుగులో మాట్లాడే ఒక అబ్బాయి. సింగిల్ బెడ్‌రూమ్ 10 లక్షల దిర్హామ్‌లు అన్నాడు, 24 రూపాయల లెక్కన 2.4 కోట్లు. బుకింగ్‌కి 10 శాతం, కట్టేలోపు 50, తాళాలిచ్చాక రెండేళ్లలో మిగతా 40. "సార్, టోకెన్ ఇప్పుడే క్రెడిట్ కార్డు మీద గీకేయండి, మిగతాది నిదానంగా చూసుకుందాం" అన్నాడు. నేను పర్సులోంచి కార్డు తీశాను కూడా. మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది, "ఇంటికెళ్లి ఒకసారి అడుగుదాం" అని.

అందుకే అడుగుతున్నా. కర్నూల్లో నా పేరు మీద ఒక ఇల్లుంది, ఇక్కడ లోన్ తీరిపోయిన ఫ్లాట్ ఒకటుంది. అమ్మ మాతోనే ఉంటుంది, పిల్లలిద్దరు. మన స్థాయి వాళ్లు బయటి దేశంలో ఆస్తి కొనడం సబబేనా? కొన్నవాళ్లు ఉంటే చెప్పండి.

సర్జాపూర్ రోడ్డు

నేను కొన్నాను బ్రదర్, 2022లో, దుబాయ్‌లోనే. ఈ ప్రశ్న వేసిన ప్రతిసారీ భయపెట్టేవాళ్లే ముందు వస్తారు కాబట్టి నా సంగతి ముందే చెప్పేస్తా. ఇక్కడ నేనుంటున్న అపార్ట్‌మెంట్‌కి గృహప్రవేశం అయ్యాక నాలుగేళ్లకి గానీ ఓసీ (ఉండటానికి పనికొస్తుందని ఇచ్చే సర్టిఫికెట్) రాలేదు. ఆ నాలుగేళ్లూ కావేరీ నీళ్ల కనెక్షన్ కోసం తిరిగాం, కార్పొరేషన్ ఆస్తి పన్ను రికార్డైన 'ఖాతా' కోసం తిరిగాం, బిల్డర్ ఫోన్ ఎత్తడు. దుబాయ్‌లో 2007లో వచ్చిన 8వ నంబరు చట్టం ప్రకారం, కట్టని ఫ్లాట్‌కి మనమిచ్చే డబ్బు బిల్డర్ చేతికి కాదు, ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాలోకి, అంటే ఆ ప్రాజెక్టుకే వాడాల్సిన విడి బ్యాంకు ఖాతాలోకి పోతుంది. కొన్నది దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌లో 'ఊఖూద్' అని మన పేరు మీద నమోదవుతుంది, 4 శాతం ఫీజు. ఆ కాగితం ఫోన్లోనే చూసుకోవచ్చు. విదేశీయులు ఎక్కడ పూర్తి హక్కుతో కొనొచ్చో 2006 నుంచీ ఏరియాలు గుర్తించి పెట్టారు, అది ఒక్కటి చూసుకుంటే చాలు.

ఇంకో మాట. దిర్హామ్ 1997 నుంచీ డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంది. 2015లో దిర్హామ్ 17 రూపాయల చిల్లర ఉండేది, ఇప్పుడెంతో మీరే చూస్తున్నారు. అద్దె దిర్హామ్‌ల్లో వస్తుంటే ఆ ధైర్యం వేరు.

పలమనేరు పిల్లోడు

అన్నా, 2008 తర్వాత అక్కడ ధరలు సగానికి సగం పడిపోయాయి, 2014 నుంచి 2020 దాకా మళ్లీ దిగుతూనే వచ్చాయి. అది ఎందుకు చెప్పరు? మా మేనమామ అక్కడ ఇరవై ఏళ్లు సైట్ సూపర్‌వైజర్‌గా చేశాడు, ఒక్క అడుగు కూడా కొనలేదు. ఆయన తెచ్చిన డబ్బుతో మా ఊళ్లో నాలుగెకరాల మామిడి తోట కొన్నాడు. తోటకి కంచె పడిపోతే సాయంత్రానికి మనం పోయి నిలబడగలం. అక్కడ అద్దెకున్నవాడు ఖాళీ చేయకపోతే ఎవరు పోతారు? ఏసీ పాడైతే ఎవరు చూస్తారు? ఏజెంటుకి ఇంత, సర్వీస్ ఛార్జీ అడుగుకి ఇంత అని ప్రతి ఏడూ కట్టుకుంటూ కూర్చోవాలి. 2.4 కోట్లు కళ్ల ముందు లేని చోట పెట్టడం నాకైతే మనసొప్పదు.

లెక్కల పద్దు

నేను జయనగర్‌లో సీఏగా ప్రాక్టీస్ చేస్తాను, ఇలాంటి కేసులు ఈ మధ్య బాగా వస్తున్నాయి. ధర పెరుగుతుందా పడుతుందా అన్నది మీరే తేల్చుకోండి. డబ్బు ఏ దారిన పోతుందో అది చెప్తాను, ఎందుకంటే నా దగ్గరికి ఏడుపు మొహంతో వచ్చేవాళ్లంతా అక్కడే తప్పు చేసినవాళ్లు.

వైట్‌ఫీల్డ్ గారూ, ఆ రోజు మీ ఆవిడ చెయ్యి పట్టుకోవడం మీ అదృష్టం. క్రెడిట్ కార్డు బయటి దేశంలో హోటలు, భోజనం, ఫీజులు ఇలాంటి ఖర్చులకి. ఆస్తి కొనడానికి కాదు. ఇండియాలో ఉండేవాళ్లు బయట ఇల్లు కొనాలంటే మామూలు దారి ఎల్ఆర్ఎస్, అంటే బయటి దేశాలకి డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన స్కీమ్ ఒక్కటే: మనిషికి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్లు, బ్యాంకులో ఎ2 ఫారం నింపి, పాన్ ఇచ్చి, ఫలానా ఆస్తి కొనడానికి అని రాసి పంపాలి. దిర్హామ్‌ల్లో అది సుమారు 9.18 లక్షలు, అంటే మీ 10 లక్షల ఫ్లాట్ ఒక్కరి పేరు మీద ఒక్క ఏడాదిలో మొత్తం కట్టేయడానికి చాలదు. ఇద్దరూ కలిసి పంపొచ్చు, కానీ పంపే ఇద్దరూ యజమానులుగా ఉండాలి. కాగితం మీద పేరు లేని అమ్మగారి లిమిట్ కూడా కలుపుతామంటే బ్యాంకు ఒప్పుకోదు. 2013లో రూపాయి పడిపోతున్నప్పుడు ఈ లిమిట్ 75,000 డాలర్లకి కోసి ఆస్తి కొనడాన్నే ఆపేశారు, తర్వాత మళ్లీ వదిలారు. నాలుగేళ్ల వాయిదాలకి సంతకం పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మధ్యలో రూల్ మారితే బిల్డర్ ఆగడు.

టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను, ఇంకొకటి. ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం బ్యాంకు పట్టుకుంటుంది. ఒకరు 60 లక్షలు పంపితే 10 లక్షలు టీసీఎస్. అది పోయే డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, జీతగాళ్లయితే కంపెనీకి చెప్పి నెలనెలా టీడీఎస్‌లో తగ్గించుకోవచ్చు. కానీ ఆ రోజు చేతిలో ఉండాలి కదా. ఆ డబ్బుకోసం బంగారం కుదువబెట్టినవాళ్లని చూశాను.

తాళాలిచ్చాక 40 శాతం అన్నారే, అది నాకు నచ్చని ముక్క. ఎల్ఆర్ఎస్ సొంత డబ్బుకే. ఆస్తి కొనడానికి బయటికి పంపే సొమ్ముకి ఇక్కడి బ్యాంకు అప్పివ్వకూడదు. ఇల్లు చేతికొచ్చాక బాకీ తీర్చడమంటే అది వాయిదానా, అప్పా అన్న దాని మీద మా సీఏలలోనే రెండు అభిప్రాయాలున్నాయి. నేను మాత్రం నా క్లయింట్లకి తాళాలు తీసుకునేలోపు పూర్తిగా కట్టే ప్లాన్ మాత్రమే ఎంచుకోమంటాను. విదేశీ మారక చట్టం ఫెమా కింద తప్పు తేలితే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా. బయట ఉన్న ఆస్తి ఫెమాకి విరుద్ధంగా కొన్నదని అనుమానం వస్తే దానికి సమానమైన విలువ ఉన్న ఇక్కడి ఆస్తిని పట్టుకునే అధికారం ఈడీకి 2015 నుంచీ ఉంది. మీ కర్నూలు ఇల్లు కూడా అందులోకి వస్తుంది.

సర్జాపూర్ రోడ్డు

సర్ మీరు చెప్పింది నిజమే, కానీ అవన్నీ తప్పు దారిలో పోయేవాళ్లకి. నేను ప్రతి వాయిదా బ్యాంకు నుంచే పంపాను, కాగితాలన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి. అద్దె అక్కడి ఖాతాలో పడుతోంది, అక్కడ పన్నే లేదు. ఇంతకంటే ఏం కావాలి?

లెక్కల పద్దు

అక్కడ పన్ను లేదు, ఇక్కడ ఉంది. ఇండియాలో రెసిడెంట్ అయినవాళ్లు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాలి. అద్దెలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ పోను మిగతాది మీ శ్లాబ్‌లో పడుతుంది. మీరు కట్టే సర్వీస్ ఛార్జీ విడిగా తీసేయడానికి లేదు. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి ఇక్కడ తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు. వైట్‌ఫీల్డ్ గారికైతే ఇప్పటికే రెండు ఇళ్లున్నాయి, అద్దె లేకుండా సొంతానికి చూపించుకోగలిగేది రెండే. దుబాయ్ ఫ్లాట్ ఖాళీగా ఉన్నా అద్దె వచ్చినట్టే లెక్కగట్టి పన్ను వేస్తారు. ఇక అమ్మేటప్పుడు, మీరు సంతోషపడే ఆ రూపాయి పతనం కూడా లాభం కిందే వస్తుంది. దిర్హామ్‌ల్లో కొన్న ధరకే అమ్మినా రూపాయల్లో లాభం కనిపిస్తుంది, రెండేళ్లు దాటితే దాని మీద 12.5 శాతం.

అన్నట్టు సర్జాపూర్ గారూ, అక్కడి ఖాతాలో అద్దె ఎన్నాళ్లుగా అలాగే ఉంది? 2022 ఆగస్టులో వచ్చిన కొత్త రూల్స్ తర్వాత, మళ్లీ పెట్టుబడి పెట్టకుండా ఊరికే ఉంచిన డబ్బు 180 రోజుల్లో వెనక్కి తేవాలి. రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్ఏ నింపుతున్నారా? ఇల్లు, ఆ బ్యాంకు ఖాతా రెండూ రాయాలి, అది కూడా మార్చి లెక్క కాదు, డిసెంబరుతో ముగిసే క్యాలెండర్ లెక్క. రాయకపోతే 2015 నల్లధనం చట్టం కింద ఏడాదికి 10 లక్షల జరిమానా. 2024 అక్టోబరు నుంచి 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకి ఈ జరిమానా సడలించారు కానీ ఇల్లూ స్థలాలకి ఆ సడలింపు లేదు.

సర్జాపూర్ రోడ్డు

ఇల్లు రాస్తున్నాను సర్. ఖాతా రాస్తున్నానో లేదో చూడాలి. 180 రోజుల సంగతి నాకు నిజంగా ఎవరూ చెప్పలేదు, డబ్బు ఏడాదిన్నరగా అక్కడే ఉంది. రేపు మా సీఏకి ఫోన్ చేస్తా.

ఎలక్ట్రానిక్ సిటీ ఇందూరు

నా అనుభవం ఒకటి చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. మొదటి వాయిదా పంపడానికి బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో ఉన్నావిడ "ప్రాపర్టీ అని రాస్తే హెడ్డాఫీసుకి పోయి లేటవుతుంది, కుటుంబ పోషణ అని రాసేద్దాం" అని ఎ2 ఫారంలో తనే టిక్కు పెట్టేసింది. నేను ఆఫీసు టెన్షన్‌లో సంతకం పెట్టేశాను. తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల నుంచి, పోషణకి ఇంత డబ్బు ఎవరికి పంపారని అడుగుతూ లెటర్ వచ్చింది. బ్యాంకు తప్పు రాశామని ఒప్పుకుని ఉత్తరం ఇవ్వడానికి నాలుగు నెలలు తిప్పించుకుంది. ఆ నాలుగు నెలలూ సరిగ్గా నిద్ర పోలేదు. ఆ ఫారంలో ప్రతి గడీ మీరే చదువుకోండి, క్యూ ఎంత పొడుగున్నా సరే.

అన్నానగర్ అక్క

నేను చెన్నై నుంచి. మీరంతా కొనడం గురించే మాట్లాడుతున్నారు, మనిషి పోయాక ఏమవుతుందో ఒక్కరూ అనలేదు. మాది దుబాయ్ కాదు, టెక్సాస్. తమ్ముడు ప్లానోలో ఇల్లు కొంటుంటే నాన్నగారు ఇక్కడ తన రిటైర్మెంటు డబ్బు, సొంతూళ్లో స్థలం అమ్మిన డబ్బు కలిపి రెండేళ్లలో 1,80,000 డాలర్లు పంపారు, అంతా పద్ధతిగా బ్యాంకు ద్వారానే. పెద్దాయన పేరు ఉంటే గౌరవంగా ఉంటుందని తమ్ముడు ఆయన్నీ యజమానిగా రాయించాడు. మూడేళ్లకి నాన్నగారు పోయారు. తర్వాత తమ్ముడు ఇల్లు మారదామని అమ్మబోతే ఆస్తి హక్కు కాగితాలు చూసే టైటిల్ కంపెనీ ఆపేసింది, ఎస్టేట్ ట్యాక్స్, అంటే పోయినవాళ్ల ఆస్తి మీద వేసే పన్ను సంగతి తేల్చుకుని రమ్మంది. అక్కడి పౌరులకి కోటి డాలర్ల పైదాకా మినహాయింపు. అక్కడ స్థిరపడని బయటి దేశస్థులకి 60,000 డాలర్లే, ఆపైన 40 శాతం దాకా పన్ను. ఈ పన్నుకి సంబంధించి మనకీ వాళ్లకీ ఒప్పందం కూడా లేదు. మనిషి పోయాక తొమ్మిది నెలల్లోపు రిటర్న్ వేయాలట, మాకేం తెలుసు, మేం అప్పుడు కర్మకాండల్లో, పెన్షన్ కాగితాల్లో ఉన్నాం. ఇంట్లో మిగతా డబ్బంతా తమ్ముడు పెట్టిందే అని ఒక్కొక్క బ్యాంకు కాగితంతో రుజువు చేయాల్సి వచ్చింది. నాన్నగారి బీరువాలో ఆయన పసుపు కవర్లో దాచిన ఎ2 ఫారాల జిరాక్సులు దొరికాయి, వెనకాల పెన్సిల్‌తో తారీకు, రేటు రాసుకున్నారు. అవే మమ్మల్ని కాపాడాయి.

అందుకని అడుగుతున్నా తమ్ముడూ, మీ ఇద్దరికీ ఏమైనా అయితే ఆ దుబాయ్ ఫ్లాట్ ఎవరికి? అమ్మ మీతోనే ఉంటుందన్నారు.

లెక్కల పద్దు

చాలా ముఖ్యమైన మాట అడిగారమ్మా. బయటి దేశంలో ఇల్లూ స్థలం ఆ దేశపు చట్టం ప్రకారమే పోతాయి. ఇక్కడైతే హిందూ వారసత్వ చట్టంలో కొడుకు పోతే తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే, భార్యాపిల్లలతో సమానంగా. యూఏఈలో ముస్లిమేతరులకి 2023 ఫిబ్రవరి 1 నుంచి వేరే చట్టం అమల్లో ఉంది. విల్లు లేకపోతే మామూలుగా సగం భార్యకి లేదా భర్తకి, మిగతా సగం పిల్లలకి సమానంగా. పిల్లలుంటే తల్లికి ఏమీ రాదు. అమ్మకి వాటా ఉండాలనుకుంటే అక్కడ విల్లు రిజిస్టర్ చేయాలి, డీఐఎఫ్‌సీలో (దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రంలో) ముస్లిమేతరుల విల్లులకి 2015 నుంచీ ప్రత్యేకంగా కార్యాలయం ఉంది. కొన్న ఏడాదే చేయించండి, తర్వాత చేద్దామనుకున్నవాళ్లు చేయరు.

పలమనేరు పిల్లోడు

అక్క చెప్పింది చదివాక నాకింకా గట్టిగా అనిపిస్తోంది, వద్దన్నా. ఒకవేళ కొనాలనే ఉంటే మీరిద్దరూ ఒక్కసారి పోయి ఆ ఏరియాలో నాలుగు రోజులుండి రండి. హోటల్లో గాజు పెట్టె చూసి కాదు.

వైట్‌ఫీల్డ్ వాసి

అందరికీ చాలా థాంక్స్. రాత్రి మేమిద్దరం ఇదంతా రెండుసార్లు చదువుకున్నాం. అక్క రాసింది మా అమ్మకి కూడా చదివి వినిపించాను. ఆమె "నాకు వాటా ఎందుకురా" అంది, కానీ నాకు అది నిద్ర పట్టనివ్వలేదు.

టోకెన్ కట్టడం లేదు. ఆ అబ్బాయికి ఫోన్ చేసి, తాళాలిచ్చేలోపే పూర్తిగా కట్టే ప్లాన్ ఉందా, డబ్బు బ్యాంకు నుంచి ఎస్క్రోకే పంపుతాం, ఖాతా నంబరు ప్రాజెక్టు పేరు మీద ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌లో నమోదైందో లేదో కాగితం పంపమని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు, ఇప్పటికి రెండు రోజులైంది. ఈలోగా ఒక్క సందేహం సర్: కొంటే ఇద్దరి పేర్లూ వేస్తాం కదా, అప్పుడు షెడ్యూల్ ఎఫ్ఏలో ఇద్దరం రాయాలా, ఒక్కరు రాస్తే చాలా?

లెక్కల పద్దు

ఇద్దరూ రాయాలి, ఎవరి రిటర్న్‌లో వాళ్లు, ఎవరు పెట్టిన డబ్బు వాళ్లు. ఐటీఆర్-1 వేస్తుంటే అందులో ఆ షెడ్యూలే ఉండదు, 2కి మారాలి. ఇద్దరి ఎ2 ఫారాలకీ రెండేసి జిరాక్సులు తీసి పెట్టుకోండి, ఆ పెద్దాయన పెట్టుకున్నట్టు.