పాత మఠాలు, శిల్పాల మ్యూజియాలు: మన పల్లెల్లో ఏవి చూడాలి?

బాటసారి: హంపి, అజంతా చూసేశాం. జనం పెద్దగా వెళ్లని పాత మఠాలు, శిల్పాలు చూడాలని ఉంది. హైదరాబాద్ నుంచి కారులో, అమ్మతో. తను మెట్లెక్కలేదు. ఆలేరు దగ్గరి కొలనుపాక, నల్గొండ పక్కనున్న పానగల్ ఒకే రోజు అవుతాయా? మధ్యాహ్నం భోజనం ఎక్కడ?

ఆలేరు_పక్కూరు: కొలనుపాకలో అందరూ జైన మందిరంలో పచ్చరాయి మహావీరుణ్ణి చూసి కారెక్కేస్తారు. ఊళ్లోకి రండి. సోమేశ్వరాలయం ఉంది, తమ గురువు రేణుకాచార్యులు ఆ లింగంలోంచే పుట్టారని వీరశైవుల నమ్మకం. ఆ ఆవరణలోనే మ్యూజియం. ఒకప్పుడు మా దగ్గర కులానికో మఠం ఉండేది. మొన్న ఎవరో వీరగల్లు (యుద్ధంలో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) మీద చెప్పుల కాలు పెట్టి సెల్ఫీ దిగారు. అలాంటి వాళ్లు రాకపోయినా పర్లేదు.

నల్గొండోడు: పానగల్ ఛాయా సోమేశ్వరం గుడి ముందు ఏదైనా దిగదుడుపే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లింగం వెనక కదలని నీడ. ఒక్క స్తంభం నీడ!

లెక్కల_టీచర్: ఒక్క స్తంభం కాదండీ. ఎండ నేరుగా పడితే నీడ జరిగి తీరాలి. అక్కడికి వచ్చేది చెదిరిన వెలుతురు, అందుకే జరగదు. స్తంభాల మధ్య నిలబడి చూడండి. మా పిల్లలకు అట్టపెట్టెతో చేసి చూపించా.

నల్గొండోడు: మా పెద్దలు కట్టింది మీ అట్టపెట్టెలో పట్టదు సార్.

లెక్కల_టీచర్: నేనేమైనా తక్కువ చేశానా? అప్పట్లో ఇక్కడ ఏలిన కుందూరు చోళుల నాటి స్థపతికి (గుడి కట్టిన శిల్పికి) ఆ లెక్క తెలుసనే కదా అంటున్నా! మహిమ అంటేనే గొప్పా?

నల్గొండోడు: మహిమ అని నేనెక్కడన్నా? మళ్లీ చదవండి.

సాయంత్రం_చాయ్: మీ నీడ గోలలో పానగల్‌లోనే ఉన్న పచ్చల సోమేశ్వరం గుడి ఎగిరిపోయింది. బయటి గోడ మీద రామాయణ, భారత కథలు చెక్కారు, మోకాళ్ల మీద కూర్చుని చూడాల్సినంత చిన్నగా. పక్కనే మ్యూజియం. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, సెలవు.

శాసనాల_పిచ్చి: మఠం అడిగితే ఒక్కరూ మఠం చెప్పరేం? యూట్యూబ్ చూసి మాట్లాడేవాణ్ణి కాదు, శాసనాల అచ్చులు నా చేత్తో తీసినవాణ్ణి. అమరావతి దగ్గర మందడం పక్కన మల్కాపురం వెళ్లండి. 1261 నాటి రుద్రమదేవి శాసనం. మందడం, వెలగపూడి ఊళ్లు శైవుల గోళకీ మఠం గురువు విశ్వేశ్వర శంభువుకు దానం. ఆ రాబడితో పాఠశాల, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం. అన్నం ఏ కులం వాడికీ కాదనకూడదని రాయించారు. ఇదీ మఠమంటే.

కృష్ణాతీరం: ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడే అది! శంభువు గారికి గజం రేటు తెలిస్తే సత్రం మూసి ప్లాట్లు వేసేవారు.

శాసనాల_పిచ్చి: ఇందుకే ఇక్కడ రాయబుద్ధి కాదు.

ఆలేరు_పక్కూరు: రాజధాని గొడవ వేరే చోట పెట్టుకోండయ్యా. బాటసారి గారూ, కొలనుపాక జైన మందిరంలోనే భోజనశాల ఉంది. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. పొద్దు వాలాక పెట్టరు.

సాయంత్రం_చాయ్: ఉల్లి లేకుండా పప్పా? మా ఆయన కారు దిగడు.

లెక్కల_టీచర్: ఇంకో మాట. ఛాయా సోమేశ్వరంలో ఫోన్ లైట్ వేస్తే నీడ పోతుంది. నల్గొండోడు గారు ఈసారి వెళ్లినప్పుడు వేసి చూడాలి.

నల్గొండోడు: గర్భగుడిలో లైట్లేసే అలవాటు మాకు లేదు.