లాటిన్ శబ్దరూపాలు: ముందే వల్లించాలా, వాక్యంలో పట్టుకోవాలా?

కొత్తచదువరి: లాటిన్ సొంతంగా నేర్చుకుంటున్నాను. ఐదు వర్గాల నామవాచకాలకు, ఆరేసి విభక్తులలో, రెండు వచనాలలో వచ్చే రూపాలన్నీ ముందే కంఠస్థం చేయాలా? పెద్దలు చెప్పగలరు.

నల్లబల్ల: తప్పక చేయాలి. రామశబ్దానికి 24 రూపాలు వల్లించిన మనకు, ద్వివచనం లేని లాటిన్‌లో 12 రూపాలు బరువు కావు. ‘రోసై’ అన్న ఒక్క రూపమే ‘గులాబీ యొక్క’, ‘గులాబీకి’, ‘గులాబీలు’, ‘ఓ గులాబీలారా’ అన్న నాలుగు అర్థాలలోనూ వస్తుంది కనుక, పట్టిక రానివారికి అది ఎదురైనప్పుడు ఎన్ని దారులున్నాయో కూడా తెలియదు.

కొబ్బరితోట: దారులెన్నో పట్టిక చెబుతుంది గాని, ఏ దారిన పోవాలో చెప్పదు. ‘పుఎల్లా పొఏతై రోసం దత్’ అన్నచోట ‘పొఏతై’ని ‘కవి యొక్క’ అనుకోవచ్చు, ‘కవికి’ అనుకోవచ్చు. చివర ‘దత్’, అంటే ‘ఇస్తున్నది’ అని వచ్చాక, ఎవరికి అన్న ప్రశ్న పుట్టి, అమ్మాయి కవికి గులాబీ ఇస్తున్నదన్న అర్థం ముందుకు వస్తుంది. అందుకే వాక్యమే గురువు.

వృక్షమిత్ర: నాకు షష్ఠి ఒక్కటి చాలు. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ పేరు పెట్టిన మొక్క, లాటిన్ శాస్త్రీయనామంలో ‘రాక్స్‌బర్గిఈ’, అంటే ‘రాక్స్‌బర్గ్ యొక్క’, అవుతుంది. స్త్రీ పేరైతే చివర ‘ఐ’ రావాలి. మా గురువుగారు మహిళ అయినా ఆమె పేరు చివర ‘ఈ’ రాసినందుకు నా వ్యాసం తిరిగి వచ్చింది.

నల్లబల్ల: వృక్షమిత్ర గారు నా మాటనే బలపరిచారు. ‘రెక్స్, రేగిస్’, ‘ఇతెర్, ఇతినెరిస్’ అని నిఘంటువులు ప్రథమ వెంటనే షష్ఠిని ఇచ్చేది, మూడో వర్గంలో అసలు ప్రాతిపదిక, అంటే విభక్తి ప్రత్యయాలు చేరే మూలరూపం, అక్కడే బయటపడుతుంది కనుకనే. కాబట్టి పట్టికలో షష్ఠి రెండో వరుసలో ఉండాలి. 1866 నాటి కెనెడీ లాటిన్ వ్యాకరణం దాన్ని ద్వితీయ తరువాతికి నెట్టడం పొరపాటు.

కొబ్బరితోట: పొరపాటు కాదు. ‘తెంప్లుం’ వంటి నపుంసక శబ్దాలకు ప్రథమ, సంబోధన, ద్వితీయ ఒకటే కనుక అవి పక్కపక్కన ఉండటమే మేలు.

నల్లబల్ల: అయితే ప్రాతిపదిక మాటేమిటి? నేనడిగినదానికి మీరు జవాబివ్వలేదు.

కొబ్బరితోట: వరుస గొడవ ఇక చాలించండి! నేను పాదిరీ చదువు చదివిన సెమినరీలో, ‘కోర్పుస్’కు షష్ఠి ‘కోర్పొరిస్’ అనడానికి బదులు ‘కోర్పి’ అన్నందుకు, నెల రోజులు భోజనశాలలో అందరి ముందూ నిలబడి శబ్దం వల్లించాను. ‘కోర్పుస్ క్రిస్తి’ అని రోజూ పలికిన నాకు, అందులోని ‘క్రిస్తి’యే షష్ఠి అనీ, అది ‘క్రీస్తు యొక్క దేహం’ అనీ ఆ నెలలో ఒక్కరూ చెప్పలేదు.

నల్లబల్ల: మీకు జరిగింది అన్యాయం, అందుకు నాకు నిజంగా బాధగా ఉంది. కానీ మిమ్మల్ని దిద్దడానికి, కఠినంగానైనా, ఒక మనిషి ఉన్నారు. నేను యాభై దాటాక మొదలుపెట్టాను. మా ఊళ్లో లాటిన్ తెలిసినవారు లేరు. వాక్యాన్ని తప్పుగా చదివి అదే ఒప్పనుకుంటే, పట్టిక తప్ప నాకు చెప్పేదెవరు?

కొబ్బరితోట: ఆ మాట మొదటే చెప్పి ఉంటే నేను ఇంత కోపంగా రాసేవాణ్ణి కాదు. అయినా పట్టిక చదివేటప్పుడు పక్కన ఉండాలనే అంటాను. చదవడానికి ముందు షరతుగా ఉండకూడదు.

కొత్తచదువరి: నాకూ గురువు లేరు. ఈ రాత్రి ‘రెక్స్’ శబ్దం రాసుకుంటూ, ‘రేగిస్’ పక్కన ‘ఫీలియా రేగిస్’, అంటే ‘రాజు యొక్క కుమార్తె’, అని చేర్చాను. సరిగా ఉందేమో ఎవరైనా చూసి చెబుతారా?