డిసెంబరులో జయపురం నుంచి దేవమాలి: ఐదు బళ్లు, పొగమంచు, మధ్యలో ఆగిపోయే కార్బ్ బండి

జయపురం జంక్షన్:
అందరికీ నమస్కారం. డిసెంబరు మూడో ఆదివారం ఐదుగురం జయపురంలో బయల్దేరి కోరాపుట్, సెమిలిగుడ, కుందులి మీదుగా దేవమాలి కొండ ఎక్కి, చీకటి పడేలోపు ఇల్లు చేరాలనుకుంటున్నాం. రెండు 150 సీసీలు, ఒక 350, ఒక 125, ఇంకోటి 2014 మోడల్ 100 సీసీ. ఈ చివరిది కార్బ్ బండి (పెట్రోలూ గాలీ కలిపి ఇంజనుకి పంపే కార్బురేటరున్న పాతరకం), ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. రెండు బళ్ల మీద వెనక మనుషులుంటారు.

కొండ మీద సూర్యోదయం చూడాలని మావాళ్లు తెల్లవారుజామున మూడున్నరకే కదులుదామంటున్నారు. సరైనదేనా? నాకు కళ్లద్దాలున్నాయి, హెల్మెట్ అద్దమూ ఇవీ కలిసి మసకేసేస్తాయి. ఉలెన్ గ్లౌజులు వేసుకున్నా వేళ్లు కొయ్యబారిపోతున్నాయి.

అసలు బెంగ 100 సీసీ బండితో. పొద్దున్నే స్టార్ట్ కావడానికి పది పదిహేను కిక్కులు. తర్వాత గంటసేపు బాగానే పోతుంది. సునాబేడ దరిదాపుల్లో పొగమంచులోకి వెళ్లాక లాగడం తగ్గి ఆగిపోతుంది. టీ తాగి వచ్చి కొడితే ఒక్క కిక్కుకే అందుకుంటుంది! కార్బ్ కడిగించాం, ప్లగ్గు మార్చాం. మార్పు లేదు.

సాలూరు ఘాటీ:
మూడున్నర మాట వదిలేయండి బాబూ. ఆ రోజుల్లో మన వైపు సూర్యుడు 6.20–6.30 మధ్య వస్తాడు. జయపురం నుంచి పైకి సుమారు 80 కి.మీ., ఐదు బళ్ల గుంపుకి ఘాటీల్లో గంటకి 30 కంటే సగటు పడదు. అంటే దారంతా చీకటి, ఎదురుగా లారీలు, పైగా పొగమంచు. సూర్యోదయమే కావాలంటే ముందురోజు రాత్రి కోరాపుట్‌లోనో సెమిలిగుడలోనో పడుకోండి. ఒక్క రోజు ప్రయాణమైతే 6.30కి కదలండి.

చాలామంది ఎత్తుకి పోయేకొద్దీ మంచు ఎక్కువనుకుంటారు. గాలి లేని రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లానికి జారుతుంది. అందుకే కొలాబ్ జలాశయం చుట్టుపక్కలా, లోయల్లోని వరి మళ్ల దగ్గరా మంచు దట్టంగా ఉంటుంది. దేవమాలి 1,672 మీటర్లు. పైన ఎండ కాస్తుంటే కింద లోయలన్నీ తెల్లగా నిండి కనపడే రోజులు చాలానే. ఆలస్యంగా వెళ్లినా చూడాల్సింది పూర్తిగా పోదు.

వేగం లెక్క ఇదీ. 40లో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తుపట్టి బ్రేకు పట్టేసరికి సెకనున్నర, అంటే 16–17 మీటర్లు. తడి తారు మీద ఆగడానికి ఇంకో 12–13. మొత్తం 30 మీటర్లు. 60లో అయితే 50 దాటుతుంది. ముందున్న బండి ఎర్రలైటు 30 మీటర్ల నుంచి కనపడట్లేదంటే 40 కూడా ఎక్కువే. డిమ్ లైటు మీదే ఉండండి. హైబీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకి తగిలి మీ కళ్లలోకే వస్తుంది. ఎడమ పక్క తెల్లగీత కనిపించినంతసేపు దాన్ని పట్టుకుని పోండి. ఆగాలనిపిస్తే తారు పూర్తిగా దిగి, దూరంగా ఆగండి. రోడ్డు అంచున టైల్‌లైటు వెలిగించి నిలబెట్టిన బండిని వెనకొచ్చేవాడు పోతున్న బండనుకుని దాని వెనకే వచ్చేస్తాడు.

ఇంకోటి. అప్పుడు వరి కోతలు, చోడి నూర్పుల రోజులు. పల్లెల్లో కంకులూ గడ్డీ రోడ్డు మీద పరిచి వచ్చేపోయే బళ్ల చేత తొక్కిస్తారు. దాని కింద రాత్రి మంచుకి తడిసిన తారు. దాని మీద బ్రేకూ వద్దు, వంపూ వద్దు. ముందే వేగం తగ్గించుకుని, హ్యాండిల్ తిన్నగా పట్టుకుని, ఒకే ఎక్సలేటరు మీద దాటండి. దాటాక ఓ పక్క ఆగి వెనక చక్రం ఇరుసు, స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్లచక్రం), సైలెన్సర్ వంపు చూడండి. గడ్డి ఇరుసుకి తాడులా చుట్టుకుంటుంది. వేడి వంపు మీద ఇరుక్కున్న ఎండు పోచ ముందు పొగ వేస్తుంది, తర్వాత అంటుకుంటుంది. చేత్తో లాగకండి, పుల్లతో తీయండి.

నీడ పడే మలుపులు పదింటిదాకా ఆరవు. కుందులి సంత శుక్రవారం కాబట్టి ఆదివారం మీకు ఆ రద్దీ ఉండదు. సూర్యాస్తమయం 5.30లోపే. నాలుగున్నర నుంచి పశువులు రోడ్డెక్కి ఇళ్లకు మళ్లుతాయి. ఆ లెక్కన ఒంటిగంటకల్లా కొండ దిగడం మొదలుపెట్టండి.

కార్బ్ మేస్త్రి:
మీ మెకానిక్కు తప్పేం లేదు. మీ బండికున్నవి రెండు వేర్వేరు జబ్బులు, ఒకే మందుకి తగ్గవు.

పొగమంచులో ఆగి, టీ తాగేలోపు బాగుపడేది చెత్త కాదు. జెట్‌లో, అంటే కార్బ్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రంలో, ఇరుక్కున్న చెత్త టీ తాగితే పోదు కదా. ఇలా ఆరిపోయి దానంతటదే బాగయ్యేవి నేను ముఖ్యంగా రెండు చూస్తాను. ఒకటి, పెట్రోలు ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడటం. ఇంజను పెట్రోలు లాగేకొద్దీ ట్యాంకు లోపల వాక్యూమ్ పెరిగి, కొంతసేపటికి కిందికి పెట్రోలు దిగదు. బండి ఆపాక గాలి మెల్లగా చేరి మళ్లీ పోతుంది. రెండోది, కార్బ్ లోపల మంచు గడ్డకట్టడం. పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది కాబట్టి కార్బ్ గొంతు బయటి గాలి కంటే చాలా చల్లబడుతుంది. బయట సున్నా కానక్కర్లేదు, 8–10 డిగ్రీలుండి గాలిలో చెమ్మ నిండుగా ఉంటే చాలు. ఆ చెమ్మ థ్రాటిల్ స్లయిడు (ఎక్సలేటరు తిప్పితే లేచి గాలి దారి తెరిచేది) అంచునా, పైలట్ రంధ్రం (ఎక్సలేటరు కొంచెమే తెరిచినప్పుడు పెట్రోలు వచ్చేది) దగ్గరా ఐసుగా పట్టి దారి మూసేస్తుంది. బండి ఆపాక ఇంజను వేడి కార్బ్‌కి ఎక్కి, ఐసు కరిగి, నీళ్లుగా లోపలికి పోతుంది. విప్పి చూసేసరికి ఏ ఆనవాలూ ఉండదు.

రెంటిలో ఏదో ఆగిన నిమిషంలోనే తేల్చాలి. ముందు ట్యాంకు మూత తెరవండి. ‘స్‌స్’ మని గాలి లోపలికి పోయి, వెంటనే స్టార్ట్ అయితే అది మూత. అలా కాకపోతే కార్బ్ కింద గిన్నెకున్న డ్రెయిన్ స్క్రూ ఒక చుట్టు వదిలి, పెట్రోలు సీసా మూతలోకి పట్టండి. ఇంజను వేడిగా ఉంటుంది, బీడీలు సిగరెట్లు దూరంగా. పెట్రోలు ధారగా వచ్చి, అడుగున నీటి బొట్లు లేకుండా ఉంటే సరఫరా బాగున్నట్టే. అప్పుడు కార్బ్ ఒళ్లు తాకి చూడండి. పక్కన ఇంజను సలసలలాడుతుంటే కార్బ్ మాత్రం కుండలా చల్లగా చెమ్మగిల్లి ఉంటే ఐసే. మూత జబ్బు ఎండాకాలంలోనూ వస్తుంది, ఐసు పొగమంచులోనే.

ఐసుకి మందు నడిపే తీరులో ఉంది. టాప్ గేరులో ఎక్సలేటరు కొంచెమే తెరిచి ఒకే 40లో పోతే సందు సన్నగా ఉంటుంది, ఐసు పట్టడానికి అదే చోటు. ఒక గేరు తగ్గించి ఇంజనుని కాస్త తిరగనివ్వండి. లాగడం తగ్గిందని చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) లాగేవాళ్లున్నారు. రెండు నిమిషాలు నడుస్తుంది, తర్వాత ప్లగ్గు నల్లబడి అసలుకే ఆగుతుంది. సాలూరు ఘాటీ గారు చెప్పినట్టు ఆలస్యంగా బయల్దేరితే సగం గొడవ తప్పుతుంది.

ఇక పొద్దుటి కిక్కులు. చలికి పెట్రోలు సరిగా ఆవిరవదు కాబట్టే చోక్. పూర్తిగా వేసి, ఎక్సలేటరు ముట్టకుండా కిక్కు కొట్టండి. అందుకున్నాక అర నిమిషానికి సగం, కిలోమీటరు రెండు కిలోమీటర్లలోపు పూర్తిగా తీసేయాలి. పెట్రోలు వాసన వస్తే ముంచేసినట్టు. చోక్ తీసి, ఎక్సలేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు. ఇదంతా సరిగా చేసినా పది కిక్కులు తప్పట్లేదంటే, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ సందు (వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య ఖాళీ) చూపించండి. బిగుసుకుంటే వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది. పైలట్ జెట్‌ని సూదితో పొడవనివ్వకండి. ఇత్తడి కదా, రంధ్రం పెద్దదైపోతుంది.

పైకి వెళ్లాక గాలి పలచన. జయపురంతో పోలిస్తే దేవమాలి మీద బలం పదో వంతు పైనే తగ్గుతుంది. ఆ 100 సీసీ మీద వెనక ఎవర్నీ ఎక్కించకండి, 350 మీదికి మార్చండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి జారేవాళ్ల డ్రమ్ములు నాలుగు మలుపులకే వేడెక్కి, లివరు నొక్కినా పట్టు దొరకదు. కాలిన వాసన వస్తే ఆగి పావుగంట చల్లారనివ్వండి. నీళ్లు పోయకండి.

గ్లౌజు మీద గ్లౌజు:
ఉలెన్‌ది ఎంత మందంగా ఉన్నా అల్లిక సందుల్లోంచి గాలి దూరుతుంది. 8 డిగ్రీల చలిలో 60లో పోతే ఒంటికి 2 డిగ్రీల చలిలా తగులుతుంది. కాబట్టి గాలిని ఆపాలి. మందుల షాపులో దొరికే పలచటి నైట్రైల్ గ్లౌజు లోపల, దాని మీద రైడింగ్ గ్లౌజు. నైట్రైల్‌లో చెమట పడుతుంది, తడి వేళ్లు మరీ జివ్వుమంటాయి, అందుకే ఆగినచోటల్లా కొత్త జత. తలా నాలుగు జతలు చాలు. పెద్ద సైజు వానకోటు జాకెట్టు పైన వేసుకోండి. రొమ్ము మీద జాకెట్టు లోపల నాలుగైదు పొరల న్యూస్‌పేపరు. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గాని పదింటికి తీసి పారేయగలిగే స్వెట్టరు ఇంకోటి లేదు.

ఆగిన ప్రతిసారీ బొటనవేలితో చిటికెన వేలి కొస తాకించండి. తాకలేకపోతే ఆ చెయ్యి ముందు బ్రేకుని కొలిచి పట్టలేదు. చంకల్లో పెట్టి వెచ్చబరచండి. సైలెన్సర్‌కి ఆనించకండి, తిమ్మిరెక్కిన చర్మానికి కాలడం తెలియదు.

అద్దానికి: గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, లోపలివైపు పలచగా రాసి, పొడి నూలు గుడ్డతో గీతలు పోయేదాకా తుడవండి. కళ్లద్దాలకీ అదే. రెండు మూడు గంటలు పనిచేస్తుంది. పిన్‌లాక్ (హెల్మెట్ అద్దం లోపల బిగించే మసక నిరోధక పొర) ఉన్నా, కంపెనీ మసక నిరోధక పూత ఉన్నా రాయకూడదు, పూత పాడవుతుంది. మఫ్లరు ముక్కు మీదికి కడితే ఊపిరంతా కళ్లద్దాలకే కొడుతుంది, ముక్కు కిందే ఆపండి. హెల్మెట్ అద్దం ఒక్క మెట్టు తెరిచి పెట్టండి. నల్లద్దం పొద్దున వద్దు.

జయపురం జంక్షన్:
అందరికీ థాంక్స్. 6.30కి ఒప్పించాను. చిన్న సందేహం: తడి రోడ్డు కదా, టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుందని ఒకడంటున్నాడు. ఐదు బళ్లు విడిపోకుండా ఎలా?

చివరి బండి:
తగ్గించొద్దు. దానంతటదే తగ్గుతుంది. మధ్యాహ్నం 28 డిగ్రీల్లో కొట్టిన గాలి తెల్లారి 8 డిగ్రీలకి 3–4 పీఎస్‌ఐ పడిపోతుంది, సుమారు 5.5 డిగ్రీలకి 1 చొప్పున. బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉండగా, మాన్యువల్లో ఉన్న అంకెకి కొట్టించండి. వెనక మనిషుంటే వెనక టైరుకి దాంట్లోనే వేరే అంకె ఉంటుంది.

వరస: దారి తెలిసినవాడు ముందు, 100 సీసీ రెండోది, పనిముట్లున్న 350 చివర. బలహీనమైన బండి రెండో స్థానంలో ఉంటే గుంపు వేగం దానికి తగ్గట్టే ఉంటుంది. తిన్నని రోడ్డు మీద ఎడమ కుడిగా, రెండు సెకన్ల ఎడంతో. ఘాటీలో, మంచులో ఒకే వరస. రోడ్డు మారే కూడలి దగ్గరల్లా ప్రతివాడూ తన వెనక బండి కనపడేదాకా ఆగాలి. ఈ ఒక్కటీ పాటిస్తే ఫోన్లక్కర్లేదు, కొండ వెనక సిగ్నల్ ఎలాగూ ఉండదు. పెట్రోలు సెమిలిగుడలో అందరూ నింపాల్సిందే, నాకు సరిపోతుందన్నవాడితో సహా.

సంచిలో: 100 సీసీ సైజు ట్యూబు, రెండు టైర్ లివర్లు, ట్యూబ్‌లెస్ పంచర్ పురులు, చేతిపంపు, ప్లగ్గు, ప్లగ్గు పానా, 8–9, 10–11, 12–13, 14–15 పానాలు, ఇరుసు నట్టుకి సరిపడే పానా (ఇంటి దగ్గరే పెట్టి చూసుకోండి, దారిలో తెలిసేది ఇదే), ఫ్యూజులు, క్లచ్ కేబులు. కేబులు సంచిలో కాకుండా పాత కేబులు పక్కనే దారి పట్టించి టేపు చుట్టేస్తే, తెగినప్పుడు రెండు కొసలూ తగిలించుకుని పోవచ్చు.

జయపురం జంక్షన్:
ట్యాంకు మూత ఇప్పుడే విప్పి చూశాను. రంధ్రం సగం మట్టితో పూడి ఉంది, బ్రష్షు పోచతో తీశాను. ఇక సమస్య తీరినట్టేనా?

కార్బ్ మేస్త్రి:
సగం తెలిసింది. సగం పూడిన రంధ్రమైతే ఎండలో కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆగి ఉండాలి, మీరేమో పొగమంచులోనే అంటున్నారు. మధ్యాహ్నం తిప్పి చూస్తే ఏమీ తేలదు. ఆదివారం లోపు ఒక పొద్దున, మంచు దిగాక, ఆ బండొక్కదాన్నే సునాబేడ దాకా నడిపించండి. తోడు ఇంకో బండి వెనక ఉండాలి. ఆగితే ముందు మూత, తర్వాత డ్రెయిన్ స్క్రూ, ఆ వరసలోనే.