నేను బతికే ఉన్నానని ఫోన్ నమ్మట్లేదు, ఏం చెయ్యాలి?

గోదారి గట్టు (రాజమండ్రి)
అందరికీ నమస్కారం. నాకు 71 ఏళ్ళు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరై పదకొండేళ్ళయింది. నవంబరు వచ్చిందిగా, మళ్ళీ మన పరీక్షల సీజన్. పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ కోసం మొన్న బ్యాంకుకెళ్తే వేలిముద్ర పడలేదు. ఆ చేయి, ఈ చేయి, పది వేళ్ళూ అయిపోయాయి, ఆ కుర్రాడు నా కాళ్ళ వైపు చూశాడని నా అనుమానం. చివరికి "ఫోన్లో ముఖం చూపించి ఇంట్లోనే చేసుకోవచ్చు అంకుల్" అని పంపేశాడు. రెండ్రోజులుగా అది కళ్ళు ఆర్పమంటోంది, నేను ఆర్పుతూనే ఉన్నాను, ఒప్పుకోదు. మా ఆవిడేమో వంటింట్లోంచి "ఎవరికండీ ఆ కన్నుకొట్టడం" అంటోంది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ బతికున్నావా అని ఒక్కరూ అడగలేదు, కుర్చీలో కునుకు తీసినా జీతం పడేది. కిటుకేదైనా ఉంటే చెప్పండి. మీ వేలిముద్రలు పడుతున్నాయా, లేక నాకేనా ఈ గతి?

పాత ఫైలు
వెలుతురు మీ వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది సార్, కిటికీ వైపు తిరిగి కూర్చోండి, కళ్ళజోడు తీసేయండి. ఈ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ యాప్ ఒక్కటే చాలదు, ముఖం గుర్తుపట్టడానికి ఆధార్ ఫేస్ ఆర్డీ అని ఇంకోటి కూడా ఉండాలి. ముందు ఆపరేటర్‌గా, అంటే ఫోన్లో ఈ పని చేసిపెట్టేవాడిగా మీ ముఖం అడుగుతుంది, తర్వాత పెన్షనర్‌గా మళ్ళీ మీ ముఖమే అడుగుతుంది, ఇద్దరూ నేనే కదా అని దానితో గొడవ పెట్టుకోకండి. వేలిముద్రల సంగతి అందరిదీ అంతే, వయసు మీదపడేకొద్దీ చర్మం పొడిబారి గీతలు అరిగిపోతాయి. ఏదీ కుదరకపోతే పోస్ట్‌మాన్ ఇంటికొచ్చి చేసిపెడతాడు, 70 రూపాయలు. నవంబరు 30 దాకా టైముంది, టెన్షన్ పడకండి.

80 దాటినవాళ్ళకి అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు. పైగా 80కి పెన్షన్ మీద 20 శాతం అదనం, 90కి 40, 95కి 50. మా పెదనాన్నగారికి 94. ఇదివరకు మాత్ర వెయ్యాలంటే బతిమాలాల్సొచ్చేది, ఈ లెక్క చెప్పినప్పటి నుంచీ టైముకి ఆయనే అడిగి మరీ వేసుకుంటున్నారు.

మూడో అంతస్తు బామ్మ
బాబూ, నా వేలిముద్రలు ఎప్పుడో పోయాయి. పెళ్ళైన కొత్తలో బూడిద, చింతపండు, కొబ్బరి పీచు పెట్టి ఇత్తడి గిన్నెలు తోమాను కదా, ఆ గిన్నెలు అమ్మేశాం, గీతలు వాటితోపాటే పోయినట్టున్నాయి. నాది ఫ్యామిలీ పెన్షన్, మావారు పోయాక నాకొచ్చేది. నా బాధ వేరు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా అని ఏటా అడుగుతారు! నాకు 76. మోకాళ్ళు రెండూ మార్పించాను, లిఫ్ట్ చెడిపోతే కిందికి దిగి కూరలే తెచ్చుకోలేను, మొగుణ్ణెక్కణ్ణుంచి తేను? మా మనవడైతే "బాగా ఆలోచించి చెప్పు బామ్మా" అంటాడు వెధవ.

రావిచెట్టు అరుగు
ఎవరేమన్నా నేను ఇంట్లో చేసుకోను, బ్యాంకుకే వెళ్తాను. నవంబరు మొదటి వారంలో మా బ్యాచ్ అంతా అక్కడే తగులుతారు. ఏడాది మొత్తం ఫోన్లో గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపుకోవడమే గానీ మనిషిని చూసేది ఆ క్యూలోనే. ఎవరికి షుగర్, ఎవరి కొడుకు ఇల్లు కట్టాడు, అన్నీ టోకెన్ నంబరు పిలిచేలోపే తెలిసిపోతాయి. పోయినేడు తొమ్మిది మందిమి, ఈ ఏడు ఏడుగురం. ఒకాయన బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన సంగతి ఆ క్యూలోనే తెలిసింది. పని అయ్యాక అందరం పక్కనే ఉన్న హోటల్లో పెసరట్టు తింటాం, ఆ ఒక్కరోజు షుగర్ వాళ్ళకీ ఉప్మాతో సహా.

గోదారి గట్టు (రాజమండ్రి)
అయిపోయిందండోయ్! పాత ఫైలు గారూ, కిటికీ పక్కకి మారి కళ్ళజోడు తీశాను, రెండోసారికి ఒప్పుకుంది. కాకపోతే కళ్ళజోడు తీశాక తెర మీద అక్షరాలు కనబడవు కదా, మా ఆవిడ పక్కన నిలబడి చదివిపెట్టింది. బామ్మగారూ, ఆ పెళ్ళి ప్రశ్న ఫోను నన్నూ అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడే "లేదు" నొక్కేసింది. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది, చూపిస్తే "బతికే ఉన్నారుగా, వెళ్ళి కొత్తిమీర పట్రండి" అంది. అరుగు గారూ, మీ బ్యాంకు ఏ ఊర్లో అండీ?