గిటార్ ట్రెమలో బార్ పైకి లాగితే ఒక్క సెమీటోనే వస్తోంది, వెనక చెక్క తొలిపించాలా?

తోడిగాలి
అన్నలకు నమస్తే. సెకండ్ హ్యాండ్‌లో స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) రకం గిటార్ కొన్నాను. తీగలు బిగించిన బ్రిడ్జ్ ముందు ఆరు స్క్రూలు, గిటార్ వెనక గూట్లో ఐదు స్ప్రింగులు. బ్రిడ్జ్‌ను ఊపే బార్ కిందికి నొక్కితే తీగలు వేలాడేంత వదులవుతాయి, దానికి లోటు లేదు. పైకి లాగితే మాత్రం జీ తీగ మీద ఒక్క సెమీటోన్ (ఒక ఫ్రెట్ అంత శ్రుతి) వచ్చి టక్‌మని ఆగిపోతుంది. నాకు కావాల్సింది తోడి గాంధారం. అది శుద్ధ రిషభానికీ శుద్ధ మధ్యమానికీ మధ్య ఊగాలి, అంటే కిందికి రెండు సెమీటోన్లు, పైకి రెండు. ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్ గిటార్లకు ఉన్నట్టు బ్రిడ్జ్ వెనక చెక్క తొలిపిస్తే సరిపోతుందని ఒకతను చెప్పాడు. చేయించమంటారా? ఉండేది ఎల్బీ నగర్‌లో.

ఆర్కెస్ట్రా_అన్న
తమ్మీ, చెక్క ముట్టకు. నేను ముట్టిచ్చి అనుభవిస్తున్న. పేరు చెప్ప, సిటీలనే ఒక వర్క్‌షాపు. 3 మిల్లీమీటర్లు తియ్యమంటే చెక్క తొలిచే రౌటర్ జారిచ్చి పెయింట్ పొరలు పొరలు లేపిండు, అంచు పలిగింది. ఆ గిటార్ ఇప్పుడు మా ఇంట్ల గోడకున్నది, దానికి మా ఆవిడ సంచులు తగిలిస్తది. నా మాట ఇను. ఐదు స్ప్రింగులు గట్టిగ బిగించి బ్రిడ్జ్‌ను బాడీకి ఆనించు, అయిపాయె. రాక్ గిటారిస్టు వాన్ హేలెన్ గట్లనే వాయించిండు.

రంపంపొట్టు
చెక్క ముట్టొద్దనే దాకా నేనూ మీ వైపే. ఆనించమనడం మాత్రం తప్పు. అతను పైకి రావట్లేదంటే ఉన్న ఆ ఒక్క సెమీటోన్ కూడా తీసేయమంటారేంటి? లియో ఫెండర్ 1954లో స్ట్రాట్‌తో ఈ బ్రిడ్జ్ తెచ్చినప్పుడే అది రెండు వైపులా ఊగేలా చేశాడు. కంపెనీ చెప్పే సెట్టింగ్‌లో బ్రిడ్జ్ వెనక అంచు బాడీకి 3.2 మి.మీ. పైన తేలుతూ ఉండాలి. బార్ పైకి లాగితే ఆ అంచు కిందికి దిగుతుంది. ఖాళీ ఉన్నంతసేపు శ్రుతి పెరుగుతుంది, చెక్క తగలగానే టక్. తోడిగాలి గారూ, మీ దాని కింద ఎంత ఖాళీ ఉందో చూసి చెప్పండి.

తోడిగాలి
స్కేలు దూరట్లేదన్నా. ఏటీఎం కార్డులు పెట్టి చూశాను. రెండు పట్టాయి, మూడోది పట్టలేదు.

రంపంపొట్టు
కార్డు మందం 0.76. అంటే ఉన్నది ఒకటిన్నర మి.మీ. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. మీ జబ్బు దొరికింది.

శ్రుతిపెట్టె
చిన్న సవరణ. దీన్ని ట్రెమలో అనకూడదు. ట్రెమలో అంటే శబ్దం పెరగడం తగ్గడం. శ్రుతి ఊగితే వైబ్రాటో. ఫెండర్ పేర్లు తిరగేశాడు. యాంప్‌లో శబ్దం ఊపే సర్క్యూట్‌కేమో వైబ్రాటో అని రాశాడు.

ఆర్కెస్ట్రా_అన్న
3.2 అనేది ఏ తీగలకు? సన్న 9 సెట్టుకా, 10 సెట్టుకా? నేను లావు 11 వేస్త. అన్నిటికి ఒక్కటే లెక్క ఎట్లయితది?

రంపంపొట్టు
తీగల సైజు మారితే మారేది స్ప్రింగుల బిగువు. ఖాళీ మనం పెట్టుకున్నంతే.

ఆర్కెస్ట్రా_అన్న
నేను అడిగింది గది గాదు. 11కు ఎంత?

రంపంపొట్టు
3.2. ఇక వదిలేయండి.

తోడిగాలి గారూ, తీరికున్న రోజు పెట్టుకోండి, గంటలో తేలే పని కాదు. ముందు ఆ ఆరు స్క్రూలు చూడండి. బ్రిడ్జ్ ప్లేటును నొక్కేసేలా బిగించి ఉంటే అది ఊగదు. బార్‌తో ప్లేటును బాడీకి ఆనించి పట్టుకుని, బయటి రెండు స్క్రూల తల కింద 1.6 మి.మీ. కనపడేలా వదలండి, లోపలి నాలుగూ అదే ఎత్తుకు తీసుకురండి. తర్వాత వెనక మూత విప్పి రెండు స్ప్రింగులు తీసేయండి, బార్ చేతికి తేలికవుతుంది. తీయగానే బ్రిడ్జ్ గభాల్న లేస్తుంది, కంగారు పడకండి. స్ప్రింగులు తగిలించిన లోహపు పట్టీకి (క్లా) రెండు పొడవాటి స్క్రూలుంటాయి. వాటిని కొంచెం బిగించడం, ఆరు తీగలూ శ్రుతి చేయడం, ఖాళీ చూడడం, మళ్లీ మొదటికి. విసుగొస్తుంది, వచ్చినా మానొద్దు.

బ్రిడ్జ్ లేచింది కాబట్టి తీగలు కూడా ఫ్రెట్ల నుంచి లేస్తాయి. సన్న అలెన్ కీతో బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సాడిల్స్ దించుకోండి. కీలు రాణిగంజ్‌లో దొరుకుతాయి. సాడిల్స్ అడుగంటినా తీగలు ఎత్తుగానే ఉంటే నెక్ విప్పి, గూడులో బ్రిడ్జ్ వైపు చివర శుభలేఖ ముక్క ఒకటి పెట్టి బిగించండి. నెక్ వెనక్కి ఒరిగి తీగలు దిగుతాయి.

ఆర్కెస్ట్రా_అన్న
శుభలేఖ అన్నవ్ గదా, నా శుభలేఖ కథ గూడ ఇను. మేడ్చల్ దిక్కు ఫంక్షన్ హాలు. అప్పట్ల నాది గూడ తేలే బ్రిడ్జే, నీ 3.2 లెక్కనే. రెండో పాట నడుమ డీ తీగ తెగింది. ఒక్కటి తెగంగనే స్ప్రింగులు బ్రిడ్జ్‌ను గుంజినయి, మిగిలిన ఐదు తీగల శ్రుతి పైకి పోయింది. ఏ ఫ్రెట్ పట్టినా అపశ్రుతే. కీబోర్డ్ పిల్లగాడు నన్ను చూస్తడు, నేను నేల చూస్త. పెండ్లికొడుకు మేనమామ స్టేజీ ఎక్కి మైకు గుంజుకున్నడు. పైసల్ల కోత. ఆనించిన బ్రిడ్జ్ అయితే డీ లేకుంటనే పాట ఒడగొడుదును.

రంపంపొట్టు
బాధ అర్థమైంది. అయినా తీగ తెగడం బ్రిడ్జ్ తప్పా? ఇంకో మాట. మొదటి పోస్టు నుంచి చూస్తున్నాను, రౌటర్ పట్టినవాడల్లా దొంగే అన్నట్టు రాస్తున్నారు. మీ గిటార్ ఎవడో పాడుచేస్తే మాటలు పడాల్సింది మేమా?

ఆర్కెస్ట్రా_అన్న
నీ దుకాణం పేరు తీసిన్నా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టున్నది. నువ్వు సెట్ జేసి, పైసలు తీసుకుని, ఇంటికి పోయి పంటవ్. స్టేజీ మీద నిలబడేది నేను.

రంపంపొట్టు
అదిగో, ఇప్పుడు బయటపడింది. మీకు గిటార్ అంటే తీగ తెగిన ఆ ఒక్క రాత్రి. దానికోసం మిగతా 364 రోజులు బార్ పైకి లేవకపోయినా మీకు పర్వాలేదు. నాకు పర్వా ఉంది.

ఆర్కెస్ట్రా_అన్న
అవును, పర్వా లేదు. ఆ ఒక్క రాత్రితోనే నాకు తర్వాతి పెండ్లి వస్తదా రాదా తేలేది.

మోండా_గల్లీ
ఇద్దరూ ఇంత రాశారు. ఆ అబ్బాయిని ఎక్కడ వాయిస్తావని ఒక్కరైనా అడిగారా?

తోడిగాలి
ఇంట్లోనే అన్నా. పాప పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. స్టేజీ ఎక్కే ఉద్దేశం లేదు.

ఆర్కెస్ట్రా_అన్న
గది ముందు జెప్పొద్దా! సరే, ఇంకొకటి అడుగుత. బార్‌తోని వచ్చేది గమకమేనా? మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారికి ఏ బార్ ఉండె? అన్నీ వేళ్లతోనే పలికిచ్చిండు.

శ్రుతిపెట్టె
నిజమే. కానీ ఆయన కూడా ఉన్న మాండలిన్‌ను ఉన్నట్టు వాయించలేదు. నాలుగు జతల తీగలు వద్దని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. రాగం అడిగితే వాద్యం మార్చుకోవడం తప్పేమీ కాదు. బార్ గమకం వేలి గమకంలా ఉండదన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. బార్ ఊపితే అన్ని తీగలూ కలిసి ఊగుతాయి. మోగాల్సిన తీగ తప్ప మిగతావి అరచేత్తో మూయాలి.

తోడిగాలి
ఆదివారం కూర్చున్నాను. పొద్దున మొదలుపెడితే అన్నం వేళ దాటింది. ఇప్పుడు నాలుగు కార్డులు పడుతున్నాయి. ట్యూనర్ పెట్టి చూస్తే జీ తీగ దాదాపు మూడు సెమీటోన్లు, బీ రెండు, సన్నటి ఈ (E) తీగ ఒకటి పైకి వస్తున్నాయి. శుభలేఖ అవసరం పడలేదు. మొదట్లో బార్ వదిలాక జీ తీగ సరిగ్గా తిరిగొచ్చేది కాదు, నెక్ చివర తీగ ఆనే నట్ గాడిలో పెన్సిల్ రుద్దితే దారికొచ్చింది. వేలితో ఒక తీగ గుంజితే పక్క తీగల శ్రుతి కొంచెం దిగుతోంది, అది తేలే బ్రిడ్జ్ గుణమేనట. గాంధారం ఇంకా మోటుగానే ఉంది, మధ్యమం మాత్రం అందుతోంది.

ఆర్కెస్ట్రా_అన్న
మంచిగయింది తమ్మీ. ఎన్నడన్న స్టేజీ ఎక్కాల్సొస్తే వెనక మూత దీసి, బ్రిడ్జ్ కింది లోహపు బ్లాకుకు, నెక్ దిక్కున్న గోడకు నడుమ బిర్రుగ చెక్క ముక్క దోపు. తీగ తెగినా బ్రిడ్జ్ కదలది. పైకి గుంజుడు బందయితది, కిందికి నడుస్తది. ఇంటికొచ్చినంక తీసెయ్. నా కేసుల ఎప్పుడూ ఒకటుంటది.

రంపంపొట్టు
ఈ ముక్క సంగతి మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేదా?

ఆర్కెస్ట్రా_అన్న
నువ్వు 3.2 కాడనే ఆగితివి గదా.

శ్రుతిపెట్టె
శీర్షికలో ఇంకా ట్రెమలో అనే ఉంది. ఎవరైనా మార్చండి.